ముందు అప్పు తీర్చడం కాదు, ఆట ఆపించండి

కావలి నుంచి రాసిన సోదరికి: మీ తమ్ముడు ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టుకున్నాడనీ, పొలం అమ్మి అప్పు తీర్చాలా అనీ అడిగారు. దయచేసి ఇప్పుడే అమ్మకండి. ఒంగోలులో మా ఇంట్లో అదే పొరపాటు చేశాం. అప్పు తీరిన నెలకే మావాడు మళ్లీ ఆడాడు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 కేంద్ర చట్టం ఇలాంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టింది. అయినా దొంగ యాప్‌లు కొత్త పేర్లతో వస్తూనే ఉంటాయి కాబట్టి చట్టం ఒక్కటే కాపాడదు.

మీ తమ్ముడు ఒప్పుకుంటే జీతం మీ అమ్మగారి ఖాతాకు మళ్లించండి, యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించండి. తిట్టకండి, తిడితే దాచడం నేర్చుకుంటాడు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. మోసపోయి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పండి. చచ్చిపోవాలని ఒక్కసారి అన్నా అతన్ని ఒంటరిగా వదలకండి, ఆ రోజే నెల్లూరు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.