విదేశీ క్యాంపస్‌లో రీసెర్చ్ ఉద్యోగం, సెక్యూరిటీ ఫారాలు: చేరొచ్చా?

మీ తమ్ముడికి ఒక అమెరికా యూనివర్సిటీ దోహా క్యాంపస్‌లో రీసెర్చ్ ఉద్యోగం వచ్చిందనీ, జాయినింగ్ కాగితాలతో పాటు విదేశీ సంబంధాల వివరాలు అడిగే 'రీసెర్చ్ సెక్యూరిటీ' ఫారాలు కూడా వచ్చేసరికి ఇంట్లో అందరూ భయపడుతున్నారనీ రాశారు. చేరమనండి. కాకపోతే అవి నింపేముందు గూగుల్‌లో తన పేరు తనే ఒకసారి వెతుక్కోమనండి. నేను ఆ పని చెయ్యక దెబ్బతిన్నాను.

పీహెచ్‌డీ అయ్యాక రెండేళ్లు ఇబ్రహీంపట్నం వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి, 2019లో పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగానికి అమెరికా వెళ్లాను. 2022లో మా ప్రొఫెసర్, సైన్స్ పరిశోధనకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాంటుకి ప్రపోజల్ రాస్తూ ముఖ్య సభ్యుల్లో నా పేరు కూడా పెట్టారు. బయోస్కెచ్, అంటే చదువూ ఉద్యోగాలూ పదవులూ రాసే కాగితం, పంపాను. వారం తర్వాత రీసెర్చ్ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "మీరు ఇండియాలో కూడా ఉద్యోగం చేస్తున్నారా?" అని అడిగింది. ఆవిడ పంపిన లింకు తెరిస్తే, పాత కాలేజీ వెబ్‌సైటులో ఫోటోతో సహా నేను! వదిలేసినప్పుడు అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఈలోగా నాకు చెప్పకుండానే అసోసియేట్‌ని చేసేశారు.

ఆ రాత్రే కాలేజీకి ఫోన్ చేశాను. "ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ఉండనియ్యండి సార్, మీకేం నష్టం?" అన్నాడు ఆఫీసాయన. ఇన్‌స్పెక్షన్‌కి లెక్చరర్ల లెక్క సరిపోవాలని, వెళ్లిపోయినవాళ్ల పేర్లూ లిస్టులో ఉంచేస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీల్లో పనిచేసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అమెరికా ఆఫీసులో ఉన్నావిడకి ఎలా చెప్పను? జీతం లేదు, పని లేదు, లిస్టులో పేరు మాత్రం ఉందంటే నమ్మాలి కదా. రిలీవింగ్ లెటరూ, బ్యాంక్ స్టేట్‌మెంట్లూ పంపి తేల్చుకునేసరికి మూడు వారాలు పట్టింది. గడువు దాటిపోతుందని ప్రపోజల్ నా పేరు లేకుండానే వెళ్లిపోయింది.

అప్పటిదాకా ఇదంతా గూఢచారుల వ్యవహారం అనుకునేవాణ్ణి. మా మావయ్య కంచన్‌బాగ్‌లో డిఫెన్స్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు చేశాడు. లోపల ఏం చేసేవాడో అత్తయ్యకి కూడా తెలీదు. యూనివర్సిటీ లెక్క వేరు. నలుగురికీ తెలిసేలా ప్రచురించే మౌలిక పరిశోధనకి వీలైనంతవరకు ఆంక్షలు పెట్టకూడదన్నది రీగన్ హయాంలో, 1985లోనే అమెరికా పెట్టుకున్న విధానం. ఆ ఫారాల్లో అడిగేది ఎవరి జీతం తీసుకుంటున్నావు, ఇంకెక్కడ నీ పేరుంది, ల్యాబ్ ఎవరి డబ్బుతో నడుస్తోంది అని. పైసా రాని గౌరవ పదవైనా బయోస్కెచ్‌లో రాయాల్సిందే. హార్వర్డ్ కెమిస్ట్రీ ప్రొఫెసర్ చార్లెస్ లీబర్‌ని 2021 డిసెంబరులో జ్యూరీ దోషిగా తేల్చింది రహస్యాలు అమ్మినందుకు కాదు. చైనాతో ఉన్న సంబంధం గురించి అబద్ధం చెప్పినందుకు, అక్కడి ఆదాయం పన్ను లెక్కల్లో చూపనందుకు. అలాగని అధికారులు తప్పు చెయ్యరనీ కాదు. ఎంఐటీ ప్రొఫెసర్ గాంగ్ చెన్‌ని 2021 జనవరిలో అరెస్టు చేశారు, ఏడాది తిరిగేసరికి కేసు ఎత్తేశారు. ఆ ఏడాది ఆయనకి ఎవరు తిరిగిస్తారు? అందుకే పాత ఉద్యోగాల కాగితాలన్నీ మీ తమ్ముణ్ణి ఒకచోట పెట్టుకోమనండి.

ఇక క్యాంపస్ సంగతి. ఇలాంటి యూనివర్సిటీకి రెండు జేబులు. అమెరికాలో ఉన్న అసలు క్యాంపస్‌కి ఫెడరల్, అంటే అమెరికా ప్రభుత్వ, గ్రాంట్లు వస్తాయి. దోహా ఎడ్యుకేషన్ సిటీలో క్యాంపస్‌ల ఖర్చు ఖతార్ ఫౌండేషన్ అనే అక్కడి సంస్థ పెట్టుకుంటుంది. ఈ జేబులోది ఆ జేబులోకి జారుతోందా అన్నదే వాషింగ్టన్ అనుమానం. ఏడాదిలో ఒక విదేశీ సంస్థ నుంచి 2,50,000 డాలర్లో అంతకన్నా ఎక్కువో వస్తే యూనివర్సిటీ అమెరికా విద్యాశాఖకి చెప్పాలన్న నిబంధన 1986 నుంచీ ఉంది. సెమీకండక్టర్లకీ సైన్స్‌కీ నిధులిచ్చే అమెరికా చిప్స్ చట్టం 2022లో వచ్చాక, ఎన్‌ఎస్‌ఎఫ్ నిధులు తీసుకునే సంస్థలు చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియాల నుంచి వచ్చే 50,000 డాలర్లు, ఆపై మొత్తాలు కూడా చూపించాల్సి వస్తోంది. ఆ నాలుగింటిలో ఖతార్ లేదు, మనమూ లేం. మీ తమ్ముడికి ఆన్‌లైన్ ట్రైనింగ్ లింకులు కూడా వస్తాయి. విసుగ్గా ఉంటాయి, అయినా పూర్తిచేసి సర్టిఫికెట్ దాచుకోవాలి.

నన్నడిగితే, ఫారాల కన్నా దుకాణం కట్టేస్తారేమో అన్నదే పెద్ద భయం. టెక్సాస్ ఎ అండ్ ఎం 2003 నుంచి దోహాలో ఇంజినీరింగ్ చెబుతోంది. 2024 ఫిబ్రవరిలో దాని బోర్డు 7-1 ఓట్లతో, 2028 నాటికి ఆ క్యాంపస్ మూసేయాలని తీర్మానించింది. అదే ఏడాది సెప్టెంబరులో జార్జియా టెక్ కూడా చైనాలోని షెన్‌జెన్ సంస్థ నుంచి తప్పుకుంటానంది. భాగస్వామి తియాన్‌జిన్ యూనివర్సిటీ 2020 నుంచీ అమెరికా ఆంక్షల జాబితాలో ఉంది, దాని మీద అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) కమిటీ నిలదీసింది. అంటే ల్యాబ్ బెంచీ దగ్గర ఎంత నిజాయితీగా పనిచేసినా, ఉద్యోగం పోవడానికి సుమారు పదమూడు వేల కిలోమీటర్ల అవతల ఒక బోర్డు మీటింగు చాలు.

కాబట్టి సంతకం పెట్టకముందే హెచ్ఆర్‌ని అడగమనండి: కాంట్రాక్టు అమెరికా యూనివర్సిటీతోనా, ఖతార్‌లో వేరే సంస్థతోనా? మూసేస్తే ఎన్ని నెలల ముందు చెబుతారు? తను చేసే ప్రాజెక్టులో ఫెడరల్ డబ్బు ఉందా? అన్నీ మెయిల్లోనే అడగాలి, ఫోన్లో వద్దు. దసరాకి ఇంటికొచ్చేటప్పుడు ఆఫీసు ల్యాప్‌టాప్ తేవచ్చో లేదో కూడా. అందులో ఎగుమతి నియంత్రణ కింద ఉన్న డేటా, అంటే బయటి దేశాలకి పంపాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సింది, ఉంటే, బ్యాగులో పెట్టుకుని దేశం దాటినా అది ఎగుమతే.

ఇప్పుడు నేను ఇక్కడే, ఇండియాలో, ఒక సంస్థ ప్రాజెక్టుల ఆఫీసులో ఉన్నాను, ఇవే ప్రశ్నలు నేను ఇంకొకళ్లని అడుగుతున్నా. మనకీ స్కోమెట్ అని, సైనిక అవసరాలకీ పనికొచ్చే వస్తువుల, టెక్నాలజీల జాబితా ఉంది, విదేశాలకి పంపే టెక్నాలజీ అందులో ఉంటే విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ అనుమతి తీసుకోవాలి. 2023లో ఐఐటీ మద్రాస్ జాంజిబార్‌లో, ఆ తర్వాత ఐఐటీ ఢిల్లీ అబుధాబిలో క్యాంపస్‌లు తెరిచాయి కాబట్టి ఈ గొడవ మన ఐఐటీల గుమ్మంలోకీ వచ్చినట్టే.

అన్నట్టు, గత నెల ఆ కాలేజీ పేజీ మళ్లీ చూశాను. నా పేరు తీసేశారు. ఫోటో మాత్రం నాదే ఉంది, కింద ఇంకెవరిదో పేరు.