1923 జర్మనీ స్టాంపులు: కేటలాగ్‌లో అంత రేటు, డీలర్లు వద్దంటున్నారు, ఎందుకు?

స్టాంపులు నకిలీ అయి ఉండకపోవచ్చండీ, అనుమానమంతా వాటి మీద పడ్డ పోస్టు ముద్ర మీదే. జర్మనీలో ధరలు విపరీతంగా పెరిగిపోయిన ఆ ఇన్‌ఫ్లేషన్ టైంలో పోస్టు రేట్లు వారానికోసారి మారిపోయేవి, చాలా స్టాంపులు వాడకుండానే కట్టలు కట్టలు మిగిలిపోయాయి, అందుకే కొత్తవి చవక, నిజంగా వాడినవి ఖరీదు. దాంతో చవక స్టాంపు మీద తర్వాత దొంగ ముద్ర వేసి అమ్మేశారు.

1. లెన్స్‌తో తేదీ చదవండి. స్టాంపు విడుదలకి ముందు తేదీ ఉంటే అక్కడితో అయిపోయింది, ముద్ర దొంగదే.

2. అందరూ వదిలేసేది ఇదే, స్టాంపు వెనక్కి తిప్పండి. కేటలాగ్‌లో మీరు చూసిన ఆ పెద్ద రేటు నిపుణులు చెక్ చేసిన వాటికే. చెక్ చేసుంటే వెనక గమ్ వైపు చిన్న అక్షరాల్లో పరీక్షకుడి పేరు, చాలాసార్లు పక్కనే ఇన్‌ఫ్లా (ఈ ఇన్‌ఫ్లేషన్ స్టాంపుల సేకర్తల జర్మన్ సంఘం పేరు) అని కూడా ఉంటుంది. తేదీ సరిగ్గా ఉంది కదా అని ఆగిపోకండి, అసలైన పాత ముద్రలతోనే వెనకటి తేదీ వేసినవి కూడా ఉన్నాయి.

3. కవర్ మీద ఉన్నవి ఉంటే దయచేసి నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి!! కవరే సాక్ష్యం. జర్మనీలో వేరే ఊరికి వెళ్ళే 20 గ్రాముల ఉత్తరానికి 1923 నవంబర్ 5న 100 కోట్ల మార్కులు, 12న 1000 కోట్లు, 20న 2000 కోట్లు. అంటే నవంబర్ 15 ముద్ర ఉన్న కవర్ మీద స్టాంపులన్నీ కూడితే 1000 కోట్లు రావాలి.

వెనక పరీక్షకుడి గుర్తు లేనివాటిలో కేటలాగ్‌లో ఖరీదైన నంబర్లు మాత్రమే పరీక్షకి పంపండి, మిగతావాటికి ఫీజు దండగ.