మాత్రలు పడనప్పుడు ఐరన్ ఇంజెక్షన్

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, బరువు 50 కిలోలు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా అవుతుంది. హిమోగ్లోబిన్ 7, ఫెరిటిన్ (ఒంట్లోని ఐరన్ నిల్వలను తెలిపే పరీక్ష) 6 ఉన్నాయి. ఐరన్ మాత్రలతో వికారం, మలబద్ధకం వచ్చి మానేశాను. సెలైన్‌లో ఐరన్ ఎక్కించుకోమని డాక్టరుగారు అంటుంటే, అది ప్రమాదమని తెలిసినవారు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ డాక్టరుగారి సలహా సరైనదే. మాత్రలు పడనివారిలో కొందరికి రోజు విడిచి రోజు వేసుకుంటే సరిపోతుంది గానీ, హిమోగ్లోబిన్ 7కు దిగి, నెలనెలా రక్తం పోతూనే ఉన్నప్పుడు ఆ పద్ధతితో లోటు పూడటం కష్టం.

మీవాళ్ల భయానికి మూలం పాతకాలపు ఐరన్ డెక్స్‌ట్రాన్ ఇంజెక్షన్లు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఐరన్ సుక్రోజ్, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్‌లతో తీవ్రమైన అలర్జీ చాలా అరుదు. అరుదైనా అసాధ్యం కాదు కనుక, అత్యవసర చికిత్స అందుబాటులో ఉన్నచోటే ఎక్కించుకుని, అయ్యాక కనీసం అరగంట అక్కడే ఉండాలి. ముఖం వేడెక్కడం, ఛాతీ బిగపట్టినట్లు ఉండడం వంటివి చాలావరకు డ్రిప్ ఆపగానే తగ్గిపోతాయి. సూది పెట్టినచోట మంటగా ఉంటే మొహమాటపడకుండా వెంటనే నర్సుకు చెప్పండి. మందు చర్మం కిందికి కారితే గోధుమరంగు మచ్చ ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు.

ఇక మోతాదు. కావలసిన హిమోగ్లోబిన్ 15 అనుకుంటే, లోటు 8ని మీ బరువుతోనూ 2.4తోనూ గుణించి, నిల్వల కోసం 500 కలపాలి. అంటే సుమారు 1460 మిల్లీగ్రాములు. ఐరన్ సుక్రోజ్‌ను సాధారణంగా ఒకసారికి 200 చొప్పున ఇస్తారు కాబట్టి ఏడెనిమిది సార్లు వెళ్లాలి. కార్బాక్సీమాల్టోజ్ అయితే రెండుసార్లతో ముగియవచ్చు. కాకపోతే, దీన్ని పదేపదే వాడితే కొందరిలో ఫాస్ఫేట్ తగ్గి నీరసం, ఎముకల నొప్పులు వస్తాయి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నా, గర్భం వచ్చిందన్న అనుమానం ఉన్నా ముందే చెప్పండి.

అధిక రక్తస్రావానికి ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో గడ్డలు) గానీ థైరాయిడ్ సమస్య గానీ కారణమేమో స్త్రీవైద్య నిపుణులతో తేల్చుకోకపోతే, ఎక్కించిన ఐరన్ కూడా అదే దారిన పోతుంది. నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఫెరిటిన్ మాత్రం ఇంజెక్షన్ తరువాత కొన్ని వారాలు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది కనుక, ఎనిమిది వారాలు గడిచాకే చేయించుకోండి.