హంతకుడి కథ రాస్తున్న మేనల్లుడికి

గుణుపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ స్క్రిప్టు సాంతం చదివాను. హంతకుడు రైల్వే పార్శిల్ గుమాస్తా కావడం, మంచాన పడ్డ తల్లికి రోజూ అన్నం కలిపి తినిపించడం బాగున్నాయి. ఆ తర్వాత పేజీల కొద్దీ అతని చిన్నతనం రాశావే, అది కొట్టివేయి. తండ్రి చేత దెబ్బలు తిన్నవాళ్లు మన వీధిలోనే బోలెడుమంది ఉన్నారు, ఒక్కడూ హంతకుడు కాలేదు. పైగా కారణం దొరికిందనగానే ప్రేక్షకుడు నిశ్చింతగా కుర్చీలో వెనక్కి వాలిపోతాడు. అతనిలోని మనిషిని ఆగిపోయే వీలున్న క్షణంలో చూపించు. రెండో హత్యకు ముందు సైకిలు ఇంటివైపు తిప్పి, కాస్త దూరం వెళ్లి, మళ్లీ వెనక్కి వస్తాడని ఒకే వాక్యంలో తేల్చేశావు. నీ సినిమా అంతా అక్కడే ఉంది. ఆ మలుపు దగ్గర కావలసినంతసేపు నిలబడు.

1931లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎం' చూడు. పిల్లలను చంపేవాడి కథ, కానీ పాప చావు తెర మీద కనబడదు. దొర్లుకుంటూ వచ్చి ఆగే బంతి, తీగలకు చిక్కుకున్న బెలూను, పాప కోసం తల్లి పెట్టిన ఖాళీ పళ్లెం కనబడతాయి. చివర్లో దొంగలంతా కలిసి పెట్టిన కోర్టులో అతను తనను తాను ఆపుకోలేనని విలవిలలాడతాడు. జాలి వేస్తుంది. అయినా లాంగ్ ఆఖరి మాట ఆ తల్లికే ఇచ్చాడు.

1980లో విలియం లస్టిగ్ తీసిన 'మేనియాక్'లోనూ హంతకుడు చచ్చిపోయిన తల్లిని తలచుకుని ఏడుస్తాడు. జో స్పినెల్ నటనకు వంక పెట్టలేం. కానీ ఆడవాళ్లలో చాలామంది తెర మీదికి వచ్చేది చావడానికే. నేను ప్రొజెక్టరు నడిపిన రోజుల్లో మార్నింగ్ షోకు వచ్చే 'ఎ' బొమ్మలదీ ఇదే వ్యాపారం. క్యాబిన్ కన్నంలోంచి హాలంతా కనబడేది. ఊరూ పేరూ లేని అమ్మాయి చస్తే ఈలలు. అదే అమ్మాయి అంతకుముందు తమ్ముడితో పోట్లాడి, జడ వేసుకుని, బస్సు కోసం పరుగెత్తడం చూసిన జనం ఈల వేయరు. నీ మూడో హత్యలో 'పల్లెటూరి యువతి' అని మాత్రమే రాశావు. ఆమెకు పేరు పెట్టు, ఒక పని పెట్టు.

హంతకుణ్ణి కొండమీది సవర తెగవాడిగా మార్చి, చిల్లంగి, అంటే చేతబడి, కలపమని నిర్మాత అంటున్నాడని రాశావు. ససేమిరా ఒప్పుకోకు. మంత్రగత్తెలన్న నెపంతో మనుషులను వేటాడటం ఆపడానికి ఒడిశా 2013లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. రాయగడ, గజపతి కొండల్లో ఆ నెపానికి బలైనవాళ్లున్నారు. ఆ నిప్పులో మనం కిరోసిన్ పోయకూడదు. పోస్టరు మీద 'నిజంగా జరిగిన కథ' అన్న ముక్క కూడా వద్దు. అసలు కేసులో అత్యాచారం ఉండి, బాధితురాలు ఎవరో తెలిసేలా చూపిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద జైలు.

ఇంకో సంగతి. నీ గుమాస్తా అందరితోనూ ఒకే తెలుగు మాట్లాడుతున్నాడు. ఒడిశాలోని మన గుణుపురం స్టేషనులో అది కుదరదు. ఆఫీసులో ఒడియా, తల్లి దగ్గర తెలుగు. పోలీసులకు అబద్ధం ఒడియాలో తడుముకోకుండా చెప్పేవాడు, 'ఎక్కడికి వెళ్లావురా' అని తల్లి అడిగితే తెలుగులో నత్తి పడాలి.

తల్లి సన్నివేశాలు ముందు తిరగరాసి పంపు. మీ అత్తయ్య కూడా చదువుతానంటోంది. ఆమెకు అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి.

ఇట్లు
మామయ్య