టెంట్ వేసే చేతులు రెండే ఉన్నప్పుడు

ప్రశ్న: ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబుతో నేనొక్కదాన్నే కారు నడుపుకుంటూ మూడు రాత్రుల క్యాంపింగ్‌కి వెళ్దామనుకుంటున్నాను. డ్రైవింగ్ అంటే భయం లేదు. టెంట్ వేస్తున్నంతసేపు పిల్లల్ని ఎవరు చూస్తారన్నదే బెంగ.
– ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: మీరు బెంగపడాల్సిన చోటే బెంగపడుతున్నారు. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ప్రయాణంలో అన్నిటికంటే కష్టమైనది, చేరాక గడిచే మొదటి గంట. పిల్లలు అలిసిపోయి ఉంటారు, ఆకలేస్తుంటుంది, మీ రెండు చేతులూ పనిలో ఉంటాయి. దానికి తోడు చీకటి కూడా పడితే సగం పొరపాట్లు అప్పుడే జరుగుతాయి. కాబట్టి లెక్క సూర్యాస్తమయం నుంచి వెనక్కి వేసుకోండి. కనీసం రెండున్నర గంటల ముందు అక్కడ ఉండాలి. దారిలో రెండు గంటలకోసారి ఇరవై నిమిషాలైనా ఆగాలి. మ్యాప్ నాలుగు గంటలని చూపిస్తే చిన్నపిల్లలతో దాన్ని ఆరు గంటలనుకోండి. రోజుకు అంతకంటే ఎక్కువ దూరం పెట్టుకోవద్దు.

చేరగానే సామాను దించకండి. ముందు పిల్లల చేతులు పట్టుకుని చుట్టూ ఒకసారి తిరగండి. నీళ్లెక్కడున్నాయి, వాహనాలు తిరిగే దారెక్కడుంది, తలపైన ఎండిన కొమ్మలున్నాయా అని చూడండి. ఎండిన వాగు ఎంత చదునుగా కనిపించినా అందులో టెంట్ వేయకూడదు. ఎక్కడో పైన కురిసిన వానకే అది పొంగుతుంది. నాలుగేళ్ల బాబు ఉన్నాడు కాబట్టి నీటి ఒడ్డున అందమైన చోటు దొరికినా వదిలేయండి. మునిగిపోతున్న పిల్లలు మనం అనుకున్నట్టు కేకలు వేయరు, చప్పుడే ఉండదు. మీరు మేకులు కొడుతూ వింటుంటే సరిపోదు.

తిరిగి వచ్చాక ఏదైనా తినిపించి, నీళ్లు తాగించి, అప్పుడు టెంట్ తీయండి. తినేవి డిక్కీలో అన్నిటికంటే పైన ఉండాలి. బాబును మీ కళ్లెదురుగా చాప మీద కూర్చోబెట్టి మేకుల సంచి అప్పగించండి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి అందిస్తుంటాడు. పాప పోల్ చివర పట్టుకోగలదు. ఇది కాలక్షేపానికి కాదు, పని ఉన్న పిల్లలు దూరం పోరు. టెంట్ సిద్ధమయ్యేదాకా వాళ్లను మూసిన కారులో మాత్రం ఉంచకండి. ఎండలో కారు లోపలి వేడి పది నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ పెరగగలదు. కిటికీ కాస్త దించినా పెద్ద తేడా ఉండదు.

టెంట్ కొనేటప్పుడు పోల్స్ బిగించగానే తనంతట తాను నిలబడే గుమ్మటం రకం తీసుకోండి, ఒక్కరే వేయడానికి అదే అనువు. ‘నలుగురికి’ అని రాసి ఉంటే నాలుగు పరుపులు అంచులు తగిలేలా పడతాయని మాత్రమే అర్థం. మీ ముగ్గురికీ, సంచులకూ అది సరిగ్గా సరిపోతుంది. గాలి వీచే వైపు రెండు మూలల మేకులు ముందు కొట్టండి, లేకపోతే మిగతా మూలలు పట్టుకునే లోపు టెంట్ ఎగిరిపోతుంది. మేకు పైకొస టెంట్‌కు దూరంగా వాలి ఉండాలి. కింద పరిచే పట్టా టెంట్ అడుగు కంటే వెడల్పుగా ఉంటే అంచులు లోపలికి మడవండి. బయటికి వస్తే వాన నీళ్లను పట్టి మీ పరుపుల కిందికే తెస్తుంది. బయలుదేరే ముందు ఇంటి దగ్గర రెండుసార్లు వేసి చూడండి, రెండోసారి చీకట్లో, తలకు హెడ్‌ల్యాంప్ పెట్టుకుని.

ప్రశ్న: నేనూ, పదేళ్ల మా అబ్బాయీ వెళ్తున్నాం. అక్కడ నాకే ఏదైనా అయితే?
– ఒక తండ్రి

జవాబు: ఏదీ జరగదులే అనుకోకుండా ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. పదేళ్ల బాబుకు మూడు విషయాలు నేర్పండి. లాక్ తీయకుండానే మీ ఫోన్‌లో అత్యవసర కాల్ తెర ఎలా వస్తుందో చూపించి, కాల్ నొక్కకుండా అక్కడిదాకా చేయించండి. మీ నెట్‌వర్క్ అందకపోయినా దగ్గర్లో మరో కంపెనీ టవర్ ఉంటే అలాంటి కాల్ సాధారణంగా వెళ్తుంది. రెండోది, తామెక్కడున్నారో చెప్పడం. ఊరు, క్యాంప్ పేరు, టెంట్ స్థలం నంబర్, మీకున్న జబ్బులు, మందులు ఒక అట్ట మీద రాసి టెంట్ గుమ్మం దగ్గర కట్టండి. కంగారులో జ్ఞాపకశక్తిని నమ్ముకోకూడదు. మూడోది, దారి తప్పితే వెతుక్కుంటూ నడవకుండా ఒక చెట్టు దగ్గరే ఆగి మూడేసిసార్లు ఈల ఊదడం. ఈల బాబు మెడలోనే ఉండాలి, సంచిలో కాదు.

ఇంటి దగ్గర నమ్మకస్తులొకరికి కారు నంబరు, రోజువారీ బస, మీరు ఫోన్ చేసే సమయం రాసివ్వండి. ఫోన్ రాకపోతే ఎంతసేపు ఆగాలో, ఆ తర్వాత ఎవరికి చెప్పాలో కూడా అందులోనే ఉండాలి. అది లేని కాగితం వల్ల ఉపయోగం తక్కువ.

కారు రెండో తాళం నడుముకు కట్టుకోండి. తాళం లోపలుండగా తలుపులు లాక్ అయిపోవడం పిల్లలతో తరచూ జరిగేదే. స్టెప్నీలో గాలి చూసుకోవడంతో ఆగకండి, చక్రం నట్లు మీ చేతులతో వదులవుతాయో లేదో ఇప్పుడే చూడండి. టైర్ల షాపులో నట్లు బిగించే గన్‌తో బిగించినవి చాలాసార్లు కదలవు. స్పానర్ పిడికి తొడిగే ఇనుప గొట్టం ఒకటి డిక్కీలో ఉంటే పని సులువు. చక్రం నేల మీద ఉండగానే నట్లు అరచుట్టు తిప్పి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. అంతసేపూ బాబు కారులో కాదు, రోడ్డుకు దూరంగా నిలబడాలి.

క్యాంప్‌లో కత్తి గాయాలు, కాలిన గాయాలు అవుతుంటాయి. స్టవ్ దగ్గర పది లీటర్ల నీళ్ల డబ్బా ఎప్పుడూ ఉంచండి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి, ఐసు కానీ పేస్టు కానీ వద్దు.

ప్రశ్న: రాత్రి చలికి పాప నిద్రపోదు. వాన పడితే స్టవ్ టెంట్‌లో వెలిగించవచ్చా?

జవాబు: వద్దు, ఐదు నిమిషాలైనా వద్దు. గుమ్మం తెరిచి ఉంచినా వద్దు. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గుల కుంపటి కూడా లోపలికి రాకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు అది వచ్చిందని తెలియదు. మీ పక్కన మేలుకుని ఉండే మరో పెద్ద మనిషి కూడా లేరు. వానరోజు కోసం వండక్కర్లేని భోజనం ఒక పూటకు విడిగా పెట్టుకోండి.

చలి ఎక్కువగా నేల నుంచి వస్తుంది. పైన రెండు దుప్పట్లు కప్పేకంటే కింద మంచి ఫోమ్ పరుపు వేయడం మేలు. పడుకునే ముందు పాపకు పొడి బట్టలు, పొడి సాక్సులు మార్చండి, పగటి చెమట ఆరని బట్టలే రాత్రి వణికిస్తాయి. మూత గట్టిగా పడే చిన్న బకెట్ గుమ్మం లోపలే పెడితే, అర్ధరాత్రి ఒకరిని బయటికి తీసుకెళ్లి ఇంకొకరిని ఒంటరిగా వదలాల్సిన అవసరం రాదు.