విశ్వాసం దేవుని వరమైతే నా నిర్ణయం ఎవరిది?

ప్రశ్న: విశ్వాసం కూడా దేవుని వరమేనని మా సంఘంలో బోధిస్తారు. అదే ప్రసంగం చివర “నేడే నిర్ణయించుకోండి” అని పిలుపునిస్తారు. దేవుడు ఇస్తేనే కలిగే విశ్వాసం లేనందుకు ఒక మనిషిని తప్పుపట్టడం న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఈ వివాదం ఒక ప్రార్థనతో రాజుకుంది. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీన్ తన ఆత్మకథలో, నీవు ఆజ్ఞాపించేదాన్ని నాకు అనుగ్రహించి, ఆపైన నీకు ఇష్టమైనది ఆజ్ఞాపించమని దేవుణ్ణి వేడుకున్నాడు. రోమ్‌లో ఒక బిషప్పు ఈ మాటలు ఉదహరించగా, బ్రిటన్ నుంచి వచ్చిన పెలాగియస్ అనే తపస్వి సహించలేకపోయాడు. పాటించే శక్తి లేనివాడికి దేవుడు ఆజ్ఞ ఇవ్వడని, ఆ శక్తి లేదనడం సోమరితనానికి సాకు అవుతుందని పెలాగియస్ భావన. 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో కూడిన బిషప్పుల సభ ఈ బోధను ఖండించింది గాని, ఆయన నిష్ఠాపరుడన్న సంగతి అగస్టీన్ కూడా ఒప్పుకున్నాడు. మీ ప్రశ్నలోని న్యాయబుద్ధి పెలాగియస్‌కూ ఉంది, దాన్ని నేను తేలికగా తీసుకోను.

అయితే అగస్టీన్ మనిషికి ఇచ్ఛే లేదనలేదు. ఇచ్ఛ ఉంది, కానీ అది జబ్బుపడి ఉంది అన్నాడు. 386లో మిలాన్‌లోని ఒక తోటలో, మారాలని కోరుకుంటూనే మారలేక విలపించినవాడు గనుక, కోరిక ఉన్నంత మాత్రాన శక్తి ఉన్నట్టు కాదని ఆయనకు అనుభవంగా తెలుసు. కుంటికాలికి వైద్యం చేసినవాడు ఆ మనిషి నడకను లాక్కున్నట్టు కాదు గదా. నడిచేది ఆ మనిషే, అయినా నడవగలగడం వైద్యుడి చలవ. కృప, అంటే దేవుడు ఉచితంగా చేసే సాయం, మనల్ని కీలుబొమ్మలను చేస్తుందనే భయానికి ఇంతకంటే సూటి సమాధానం నాకు కనిపించలేదు. 529లో నేటి ఫ్రాన్స్‌లోని ఆరెంజ్ పట్టణంలో జరిగిన సభ కూడా విశ్వాసపు తొలి కదలికే కృప వలన కలుగుతుందని చెప్పి, అదే సమయంలో దేవుడు కొందరిని చెడుకు ముందే నియమించాడనే మాటను తీవ్రంగా తోసిపుచ్చింది.

మరి ఆ వైద్యం అందరికీ ఎందుకు దక్కదు? అసలు కష్టం ఇక్కడే ఉంది, సంఘాలు విడిపోయిందీ ఇక్కడే. 1618–19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డోర్ట్ సభ దేవుని ఎన్నిక మీదే, అంటే ఎవరిని రక్షించాలో ఆయన ముందే ఎంచుకోవడం మీదే, భారం మోపింది. డచ్ వేదాంతి ఆర్మీనియస్ అనుచరులు కృపను మనిషి తిరస్కరించగలడన్నారు. మెదక్ ప్రాంతానికి సువార్త తెచ్చిన మిషనరీల మెథడిస్టు సంప్రదాయానికి మూలపురుషుడైన వెస్లీ, అందరినీ ముందుగా తాకే కృప ఒకటి ఉందని బోధించాడు. మీ గుంటూరులో వేళ్లూనుకున్న లూథరన్ సంప్రదాయం మాత్రం, రక్షింపబడినవారి ఘనత అంతా దేవునిదే, నశించినవారి తప్పు వారిదే అని చెప్పి, ఈ రెంటినీ తర్కంతో అతకడానికి పూనుకోదు. మొదట ఇది తప్పించుకోవడంలా తోచినా, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకపోవడమే నిజాయితీ అని ఇప్పుడు నేను నమ్ముతున్నాను.

ఇక మీ బోధకుల సంగతి. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో పౌలు “మీ సొంతరక్షణను కొనసాగించుకొనుడి” అంటాడు. వెంటనే “ఎందుకనగా” అని, ఇచ్ఛయించడం కూడా మీలో కలుగజేసేది దేవుడేనని కారణం చెబుతాడు. ఆయన దృష్టిలో దేవుని పని మన పనికి అడ్డు కాదు, ఆధారం. ప్రసంగం చివర వినిపించే ఆ పిలుపే కృప మనిషిని చేరే దారి గనుక, మీ బోధకులు రెండు మాటలూ ఒకే నోట చెప్పడంలో విరోధం లేదు.