దారి మార్చుకునే ఫిరంగి గుండు

ప్రశ్న: క్షిపణుల నుంచి యుద్ధనౌకను కాపాడటానికి నిమిషానికి వేల తూటాలు కాల్చే తుపాకులు ఉన్నాయి కదా, గుండుకు గైడెన్స్ (గాలిలో దారి చూపే ఏర్పాటు) ఎందుకు?

జవాబు: దూరం కోసం. 20 మి.మీ. ఫాలాంక్స్ అనే నౌకా తుపాకీ నిమిషానికి 4,500 తూటాలు కాలుస్తుంది, కానీ దాని పట్టు సుమారు ఒకటిన్నర కిలోమీటరు లోపలే. సెకనుకు 300 మీటర్ల వేగంతో వచ్చే క్షిపణికి ఆ దూరం 5 సెకన్ల పని. అంత దగ్గర్లో పగలగొట్టినా ముక్కలు, మిగిలిన ఇంధనం అదే ఊపులో వచ్చి నౌకను తాకవచ్చు.

దూరంగా కొడదామంటే మామూలు గుండుకు ఇంకో చిక్కు. గురి లెక్కంతా గుండు బ్యారెల్ దాటేసరికే ముగిసిపోతుంది. ఆ తర్వాత క్షిపణి 3 జి (భూమి ఆకర్షణకు మూడు రెట్లు) బలంతో పక్కకు తిరిగితే ఒక సెకనులో 15 మీటర్లు, రెండు సెకన్లలో 60 మీటర్లు జరిగిపోతుంది. గుండు పేలి పనికొచ్చేది మాత్రం కొద్ది మీటర్ల లోపలే.

ప్రశ్న: గాలిలో ఉన్న గుండుకు దారి ఎలా చెబుతారు?

జవాబు: ఇటలీ వారి 76 మి.మీ. ఫిరంగి గుండు డార్ట్‌ను చూడండి. అది బ్యారెల్ కంటే సన్నని బాణం లాంటిది. చుట్టూ ఉన్న తొడుగు బ్యారెల్ దాటగానే ఊడిపోతుంది. బరువు, గాలి నిరోధం తక్కువ కాబట్టి సెకనుకు సుమారు 1,200 మీటర్ల వేగంతో బయలుదేరి, 5 కిలోమీటర్లను దాదాపు 5 సెకన్లలో అందుకుంటుంది. ఫిరంగి మీది యాంటెన్నా లక్ష్యం వైపు సన్నని రేడియో కిరణాన్ని పట్టి ఉంచుతుంది. తాను కిరణం మధ్య నుంచి ఎటు జరిగిందో గుండే గ్రహించి, ముందున్న చిన్న రెక్కలతో సరిదిద్దుకుంటుంది. ఒకే కిరణంలో వరసగా చాలా గుండ్లు వెళ్లగలవు. ఖరీదైన రాడార్ నౌక మీదే ఉండిపోతుంది కాబట్టి నా దృష్టిలో ఇదే తెలివైన పద్ధతి.

ప్రశ్న: గుండును కాల్చినప్పటి దెబ్బకు లోపలి ఎలక్ట్రానిక్స్ ఎలా బతుకుతాయి?

జవాబు: అసలు కష్టమంతా ఇక్కడే. సుమారు 4.7 మీటర్ల బ్యారెల్‌లో సున్నా నుంచి సెకనుకు 1,200 మీటర్ల వేగం అందుకోవాలంటే సగటునే 15 వేల జి పడుతుంది. గరిష్ఠం ఇంకా ఎక్కువ. 10 గ్రాముల భాగం ఆ క్షణాన 150 కిలోలు తూగుతుంది. అందుకే సర్క్యూట్ బోర్డులను గుండు పొడవుకు అడ్డంగా పేర్చి, భాగాలను ముందు వైపు అతికిస్తారు. దెబ్బ తగిలినప్పుడు అవి బోర్డుకే నొక్కుకుంటాయి. వెనక వైపు ఉంటే సోల్డర్ తెగి ఊడిపోతాయి. ఖాళీలన్నీ ఎపాక్సీతో (గట్టిపడే జిగురుతో) నింపాలి. అందులో ఒక్క గాలి బుడగ మిగిలినా బోర్డు అక్కడ వంగి పగులుతుంది. ఎత్తైన కెపాసిటర్లు, క్వార్ట్జ్ క్రిస్టల్ ముందుగా పోతాయి. చాలామంది మరిచేది మరొకటుంది: గుండు బ్యారెల్ దాటగానే ఒత్తిడి హఠాత్తుగా పోయి భాగాలు ముందుకు ఎగదన్నుతాయి. మొదటి దెబ్బకు నిలిచిన అతుకు ఈ రెండో దెబ్బకు తెగవచ్చు.

బ్యాటరీదీ ఇలాంటి కథే. ఏళ్ల తరబడి నిల్వ ఉండాలి కాబట్టి రసాయనాన్ని గాజు బుడ్డిలో విడిగా ఉంచే రకం ఉంది. కాల్చిన దెబ్బకు బుడ్డి పగిలితే, గుండు గిర్రున తిరిగే బలానికి ద్రవం పలకల మధ్యకు పాకుతుంది. రెక్కలతో నిలకడగా ఎగిరే గుండు అంతగా తిరగదు. అలాంటప్పుడు వేడికి కరిగి పనిచేసే థర్మల్ బ్యాటరీ నయం.

ప్రశ్న: ఇక నౌకల మీద రక్షణ క్షిపణులు అక్కర్లేదా?

జవాబు: కావాలి. ఒక కిరణం ఒక దిక్కునే చూస్తుంది, రెండు వైపుల నుంచి ఒకేసారి దాడి వస్తే చాలదు. జోరువాన అధిక పౌనఃపున్య కిరణాన్ని బలహీనపరుస్తుంది. క్షిపణి అలలకు 5 మీటర్ల ఎత్తులో వస్తుంటే, గుండులోని ప్రాక్సిమిటీ ఫ్యూజ్ (లక్ష్యం దగ్గర పడగానే గుండును పేల్చే పరికరం) నీటినే లక్ష్యమనుకుని ముందే పేలే ప్రమాదముంది. నీటి నుంచి తిరిగొచ్చే సంకేతాన్ని వేరుచేయలేని ఫ్యూజ్ ఉంటే ఎంత మంచి గైడెన్స్ అయినా వృథా.